తిరిగి చెప్పే పిల్ల

1994 సెప్టెంబరు 12, సోమవారం

నాగపూర్ నుంచి పొద్దున దిగాం. ఇంటికి రాగానే తలకు పోసుకున్నాను, చీర నానబెట్టి ఉతికాను. అయినా ఆ వాసన పోలేదు. ఫినాయిలూ నిమ్మకాయా కలిసిన వాసన. ఇక మీదట పులిహోర ఎలా కలుపుతానో తెలియదు.

రాసుకోవడానికి ఈ పుస్తకం చాలు. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. మా ఆయన బిలాస్‌పూర్‌లోనే పుట్టి హిందీ బడిలో చదివారు, తెలుగులో సంతకం కూడా రాదు. అత్తగారికి ఏ అక్షరాలూ రావు. బీరువాకి తాళం వేయక్కర్లేదు.

నాగపూర్‌లో ఇలాంటి పిల్లలకి శిక్షణిచ్చే ఆ సెంటర్లో ఒక గది గోడకి అద్దం బిగించారు. మనకి లోపలి పిల్లలు కనిపిస్తారు, వాళ్లకి మనం కనబడం. నాలుగేళ్ల పిల్లాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టారు. టీచరు ముక్కు చూపించమంటుంది. చూపిస్తే నోట్లో ఒక బూందీ పలుకు వేస్తుంది. చూపించకుండా చేతులు ఆడించాడో, చిన్న పిచికారీతో నోట్లోకి నిమ్మరసం కొడుతుంది. వాడు మొహమంతా ముడుచుకుని ముక్కు చూపించాడు. ఇవతల నా పక్కన కూర్చున్న వాడి తల్లి చప్పట్లు కొట్టింది. కొట్టి, ఒళ్లో ఉన్న చుడువా పొట్లంలోంచి మళ్లీ తినడం మొదలుపెట్టింది.

డైరెక్టర్ మేడమ్ మా రజినిని ఇరవై నిమిషాలు చూసి ఆటిజం అంది. బొంబాయి డాక్టరు పోయినేడే ఆ మాట అన్నాడు కాబట్టి మాకు కొత్త కాదు. వారానికి నలభై గంటల శిక్షణ, రెండేళ్లపాటు, తల్లీ బిడ్డా అక్కడే ఉండాలి. ఐదేళ్లు నిండకముందే మొదలుపెట్టాలట. ఆ తర్వాత తలుపు మూసుకుపోతుందట. రజినికి ఫిబ్రవరిలో ఐదు నిండుతాయి.

సీటు ఇవ్వాలంటే ముందు ఇంట్లో రెండు నెలల పరీక్ష పెట్టింది. మనం ఏ మాటంటే ఆ మాటే రజిని తిరిగి అంటుంది. అది మాన్పించాలి. అన్నప్పుడల్లా నేను మొహం తిప్పుకుని పదిదాకా లెక్కపెట్టాలి, ఇవ్వబోతున్న వస్తువు తీసేయాలి. రోజుకి ఎన్నిసార్లు అలా అందో పట్టికలో వేయాలి.

"పాపకి అవును అని చెప్పడం వచ్చా?" అని అడిగింది మేడమ్. రాదన్నాను.

నిమ్మరసం పిచికారీ కొట్టే చోటికి నా కూతుర్ని చచ్చినా పంపను. పట్టిక కాగితాలు మాత్రం బీరువాలో చీరల కింద పెట్టాను, నలిగిపోకుండా.

సెప్టెంబరు 14

అత్తగారు అప్పయమ్మ గారు పొద్దున్నే అందుకున్నారు.

"ఏటే మాధవీ, నాగపూరేటి, బొంబాయేటి, ఈ తిరుగుళ్లేటి? లాల్‌ఖదాన్‌లోన మంత్రమేసే బైగా ఒకడున్నాడంట. నాలిక మీద బూడిద రాసినాడంటే సాలు, గుంటకి మాటలొచ్చీస్తాయి."

"మాటలున్నాయి కదా అత్తయ్యా."

"మన మాటలే కదేటి? దాని మాటలేవీ?"

అంటూ చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చారు. ఆ నోటితోనే రజిని బుగ్గ మీద ముద్దు పెట్టారు. బుగ్గ మీద పొగాకు ఎంగిలి మిగిలింది. కొంగుతో తుడిచాను. ఈ ఇంట్లో ఏదో ఒకటి తుడుస్తూనే ఉంటాను.

సెప్టెంబరు 16

మా రైల్వే కాలనీలోనే మూడు క్వార్టర్ల అవతల లక్ష్మీనరసమ్మ గారింట్లో పేరంటం. వెళ్లకుండా ఉండాల్సింది.

ఎవరో సరదాగా మొదలుపెట్టారు. "నేను కోతిని" అన్నారు రజినితో. రజిని "నేను కోతిని" అంది. అంతే, ఇక ఒకరి తర్వాత ఒకరు. నేను గాడిదని. నాకు తోకుంది. మా నాన్న దొంగ. పసుపు రాసుకున్న కాళ్లతో, పట్టుచీరలతో, శనగల పొట్లాలు పట్టుకుని ఎంత నవ్వారో. లక్ష్మీనరసమ్మ గారైతే తమ టేప్ రికార్డర్ పాడైందనీ, ఈ పిల్లని నాలుగు రోజులు పంపమనీ అన్నారు. అందరూ నవ్వుతున్నారు కదా అని రజిని కూడా చప్పట్లు కొట్టి నవ్వింది.

నేనూ కొంచెం నవ్వాను. అది రాయకుండా దాటేద్దామనుకున్నాను.

దారిలో "ఇంటికి పోదాం" అంటే "ఇంటికి పోదాం" అంది. ఆ గొంతు వినగానే నాకు ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టయింది. ఆ రోత పిల్ల మీద కాదు. ఆ ఆడవాళ్ల మీద.

సెప్టెంబరు 19

ఇవాళ మొదలుపెట్టాను. ఊరికే, ఎన్నిసార్లు అంటుందో చూద్దామని.

అరవై మూడు.

సెప్టెంబరు 21

"నీళ్లు కావాలా?" అన్నాను గ్లాసు చూపించి.

"నీళ్లు కావాలా" అంది.

మొహం తిప్పుకున్నాను. గ్లాసు గట్టు మీద పెట్టేశాను. తను ఇటువైపు వచ్చి "నీళ్లు కావాలా" అంది. మళ్లీ తిప్పుకున్నాను. ఐదోసారికి అరిచింది, గొంతు చీరుకుపోయేలా. నేను వేళ్ల మీద పదిదాకా లెక్కపెట్టాను. ఏడుపు ఆగితే శిక్షణ పనిచేస్తున్నట్టు అని కాగితంలో ఉంది.

ఏడుపు ఆగింది. వెళ్లి చూస్తే బాత్రూములో బకెట్ మీదికి వంగి, మూతి ముంచి తాగుతోంది. పొద్దున ఆయన బొగ్గు మసి కడుక్కున్న బకెట్. నీళ్ల మీద సబ్బు తెట్టు.

మూతి కొంగుతో తుడిచాను. పట్టికలో ఇంకో ఐదు వేశాను. బకెట్ సంగతి వేయడానికి గడి లేదు.

అక్టోబరు 2, ఆదివారం

నలభై నాలుగు.

ఆయన కోర్బా నుంచి బొగ్గు బండి తెచ్చి దిగారు. ముప్పై గంటల డ్యూటీ. అసిస్టెంటు సూర్యం కూడా ఇంటికే వచ్చాడు, వాళ్లావిడ ఊళ్లో లేదు. ఉప్మా తింటూ సూర్యం "వదినా, పచ్చడుందేటి?" అన్నాడు. రజిని "పచ్చడుందేటి" అంది. "నానూ నీలాగే అమ్మీ, రోజంతా మీ నాన్న అన్నదే అంటాను" అని పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తిన్నాక ఆయన రజినిని క్వార్టరు వెనక కంచె దగ్గరికి తీసుకెళ్లారు. అవతల లైను. స్టేషను ముందుండే హోమ్ సిగ్నలు పచ్చగా మారగానే ఆయన చెయ్యి చాచి "హోమ్ గ్రీన్!" అంటారు. రజిని కూడా చెయ్యి చాచి "హోమ్ గ్రీన్!" అంటుంది. డ్రైవరు సిగ్నలు చూసి పైకి చెప్పడం, అసిస్టెంటు అదే తిరిగి చెప్పడం, ఇంజన్లో వీళ్ల రూలు. ఆయనకి ఇంట్లో కూడా ఆ అలవాటు పోదు, పొయ్యి మీద పాలు పొంగితే కూడా చెయ్యి చాచి చెబుతారు. తండ్రీ కూతుళ్లు ఇద్దరూ అరగంటసేపు అరిచారు. నేను కిటికీలోంచి లెక్కపెట్టాను. పద్నాలుగు.

"ఆ ఆట మానేయండి. నేను ఒకవైపు మాన్పిస్తుంటే మీరు మప్పుతున్నారు" అన్నాను.

"అచ్ఛా. మానేస్తాన్లే" అన్నారు. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. నేను బి.ఏ. చదివానని ఆయనకి నా దగ్గర ఉన్న ఈ అణకువ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అక్టోబరు 9

ఇరవై ఎనిమిది. తగ్గుతోంది.

అక్టోబరు 17

అత్తగారు నా వెనక రజినికి నీళ్లు ఇస్తున్నారు. అది తిరిగి అన్నా సరే ఇస్తున్నారు. పట్టుకున్నాను.

"దాహమేసి అడిగితే ఇయ్యనేటి? నాను మనిషిని కాదేటి?"

"అడగలేదు. నేనన్నది తిరిగి అంది."

"ఎలాగంటే ఏటి? అన్నాది కదా!"

నేను అనకూడని మాట అన్నాను. మీ అడ్డపొగ పీల్చే వంశంలోంచే ఈ జబ్బు వచ్చిందన్నాను. ఆవిడ చుట్ట ఆర్పేసి, గుమ్మంలో కూర్చుని చాలాసేపు కాలి వేళ్లు చూసుకున్నారు. తర్వాత లేచి అంట్లు తోమారు. నేను వెళ్లి క్షమించమని అడగలేదు. శిక్షణ విషయంలో ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉండాలని కాగితంలో ఉంది.

అక్టోబరు 30

మూడు.

ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో. మధ్యాహ్నం నిద్రపోయాను. ఎన్నాళ్లకో.

నవంబరు 7

సున్న.

నవంబరు 8

సున్న.

నవంబరు 11

సెంటర్ నుంచి ఉత్తరం. నేను పంపిన పట్టికలు చూశారట. ఇంత తక్కువ కాలంలో ఇంత మంచి ఫలితం తెచ్చిన తల్లులు తక్కువట. జనవరి రెండు నుంచి సీటు. ఒప్పుకుంటున్నట్టు నవంబరు ముప్పైలోగా రాయాలి.

కోవా చేసి నాలుగిళ్లకి పంచాను. లక్ష్మీనరసమ్మ గారి చేతిలో నేనే పెట్టాను. ఆవిడ రజిని గడ్డం పట్టుకుని "ఏమ్మా, నేను కోతిని అను" అన్నారు. రజిని అనలేదు. "అరే, బాగైపోయిందే!" అన్నారు.

గెలిచాను. తిరిగొస్తుంటే గెలిచినట్టు లేదు. కోవాలో పంచదార ఎక్కువైంది, నోరంతా వెగటు.

నవంబరు 13

పెదవులు పగిలి ఉన్నాయి. చలి మొదలైంది కదా. గ్లాసు పట్టుకుని "నీళ్లు కావాలా?" అన్నాను.

రజిని నన్ను చూసింది. గ్లాసు చూసింది. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకుంది. తిప్పుకుని ఒక్కొక్క వేలూ మడిచింది. పది వేళ్లూ.

పట్టికలో సున్న వేశాను.

నవంబరు 19

మొన్న దారిలో ఆయన బండి ఇరవై రెండు నిమిషాలు ఆపేశారు. గ్రీన్ సిగ్నలు ముందు. ఎందుకు ఆపావో సంజాయిషీ రాసిమ్మని డివిజను ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇంగ్లీషులో రాయాలి కాబట్టి అవి ఎప్పుడూ నేనే రాస్తాను. కాగితం, పెన్ను తీసుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఏం జరిగింది? మొదట్నుంచి చెప్పండి."

"హోమ్ గ్రీన్ అన్నాను. సూర్యం పలకలేదు. మళ్లీ అన్నాను. పలకలేదు. బ్రేకేసినాను."

"గ్రీన్ ఉంది కదా. వెళ్లిపోవాల్సింది."

"అలాగ ఎలగెల్తాను? తిరిగి అన్నాడంటే విన్నాడు, సూసినాడు, హాఁ అన్నాడని నాకు తెలుస్తాది. అనలేదంటే మనిషికి ఏదో అయిపోనాదనే కదా. తిరిగి సూస్తే సీటు మీద వాలిపోయున్నాడు. ఒళ్లు కాలిపోతంది. మలేరియా."

నేను రాశాను. సిగ్నలు అనుకూలంగా ఉన్నప్పటికీ, నా సహాయకుడు నా మాటను తిరిగి చెప్పనందున, అతనికి ఏదో ఆపద కలిగిందని గ్రహించి వెంటనే బండి ఆపితిని.

పెన్ను అక్కడే ఆగిపోయింది. ఆయన "రాసీసినావా?" అన్నారు. రాశానన్నాను. చదివి వినిపించమంటారేమోనని భయపడ్డాను. అడగలేదు, సంతకం పెట్టి జేబులో పెట్టుకున్నారు.

ఇరవై రెండు నిమిషాలకి ఆయన్ని సంజాయిషీ అడిగారు. రెండు నెలలకి నన్ను అడిగినవాళ్లు లేరు. పైగా మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు.

నవంబరు 20, ఆదివారం

తెలుసు. నాకు మొదట్నుంచీ తెలుసు.

"అన్నం తింటావా?" అంటే, కావాలంటే "అన్నం తింటావా" అనేది. వద్దంటే పరుగెత్తి మంచం కిందికి దూరేది. మూడేళ్లప్పటి నుంచీ అంతే. ఒక్కసారి కూడా తప్పలేదు. అది తిరిగి అంటే నేను వడ్డించేదాన్ని. రోజుకి పాతికసార్లు నాకు అవునని చెప్పిన పిల్లకి అవునని చెప్పడం రాదని మేడమ్ ముందు కూర్చుని చెప్పాను.

ఎందుకు చెప్పానో కూడా తెలుసు. ఆ గొంతు నలుగురిలో వినబడితే నాకు సిగ్గు. పేరంటం నుంచి వస్తుంటే ఒంటి మీద పాకింది ఆ ఆడవాళ్లు కాదు. నిమ్మరసం కొట్టిన టీచరుని చూసి ఛీ అనుకున్నాను. ఆవిడకి ఆ పిల్లాడు ఏమంటున్నాడో తెలియదు. నాకు తెలుసు.

ఆయన స్నానం చేసి వచ్చాక అడిగాను.

"రజిని తిరిగి అంటే అవునని అర్థం. మీకు తెలుసా?"

"నాకెందుకు తెలీదు?"

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు సదువుకున్నదానివి. డాక్టర్లు సెప్పినారు. నాకేటి తెలుసు అనుకున్నాను." తువ్వాలు పిండారు. "కంచె దగ్గిరికి తీసుకెల్లొద్దన్నావు. తీసుకెల్లలేదు."

ఆయన్ని కొట్టాలనిపించింది. ఆయన నన్ను కొట్టి ఉండాల్సింది. ఇద్దరం అలాగే నిలబడ్డాం, నీళ్లు కారే తువ్వాలు మధ్యలో పెట్టుకుని.

నవంబరు 21

పొద్దున్నించి "నీళ్లు కావాలా" అని పదకొండుసార్లు అడిగాను. గోడ వైపు తిరుగుతుంది. వేళ్లు మడుస్తుంది.

నవంబరు 22

ఆయన కంచె దగ్గరికి తీసుకెళ్లారు. "హోమ్ గ్రీన్!" అన్నారు. మా వైపు చూడకుండా రజిని గడ్డి పీకుతూ కూర్చుంది. గూడ్సు వెళ్లిపోయింది. ఆయన చెయ్యి చాచినట్టే ఉంచారు.

నవంబరు 25

అత్తగారి కాళ్లు పట్టుకున్నాను. "లేవే, సాల్లే" అన్నారు. "నాతోటీ అనడం మానీసింది మాధవీ. నాను ఇచ్చినా కూడా." ఆవిడ ఏడుస్తుంటే పొగాకు వాసన వచ్చింది. ఈసారి తుడుచుకోలేదు.

నవంబరు 28

సెంటరుకి వెళితే మాట మళ్లీ తెప్పిస్తారేమో. వాళ్లకి తెలిసిన విద్య కదా. వెళ్లకపోతే ఫిబ్రవరిలో ఆ తలుపు మూసుకుపోతుంది. ఆ మేడమ్ చెప్పింది నిజమైతే? నలభై గంటలు కూర్చోబెడితే నిజంగానే ఏదైనా వచ్చేదుంటే? నా పిల్ల పెద్దదై, ఎందుకు తీసుకెళ్లలేదని... అడగదు. అడగలేదు. అందుకే ఇంత భయం.

ఇప్పటికి రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి వస్తామని. ఒకటి వద్దని.

నవంబరు 30, బుధవారం

ఇవాళే ఆఖరు తేదీ. ఆయన మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరుతూ, స్టేషన్లో డబ్బాలో వేస్తానని రెండు కవర్లూ చేతిలో పట్టుకున్నారు.

"ఏది ఎయ్యమంటావు?"

ఆయన వంక చూశాను. ఆయనకి రెండూ ఒకేలా ఉన్నాయి. నేను ఏది చెబితే అది వేస్తారు, పెళ్లయిన ఏడేళ్లుగా అలాగే చేశారు. ఈ మనిషిని అసహ్యించుకోవడం ఎంత సులువో, ఈయన మాట వినడం నాకు అంత కష్టమైంది.

"మీరేమంటారు?"

డ్యూటీకి మోసుకెళ్లే లైన్ బాక్సు కింద పెట్టారు.

"నా మాట అడిగితే... సిగ్నలు మనకి కనబడట్లేదు మాధవీ. పిల్ల పలకట్లేదు. అలాంటప్పుడు బండి ముందుకి తొయ్యకూడదు. నిలబడిపోవాలి. దాని దగ్గిర కూసోవాలి."

"అయితే వద్దన్న ఉత్తరం" అని, అది ఏ కవరో వేలితో చూపించాను.

"వద్దన్న ఉత్తరం" అని తిరిగి చెప్పి, ఆ కవరు జేబులో పెట్టుకుని రెండోది నా చేతికిచ్చారు. చించేశాను. తలుపు నేనే మూశానేమో. రేపో, పదేళ్లకో, నన్ను నేను తిట్టుకుంటానేమో. తిట్టుకుంటే తిట్టుకుంటాను.

ఆయన వెళ్లాక చూస్తే రజిని కనబడలేదు. మంచం కింద లేదు. బాత్రూము తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల నుంచి గొంతు వినిపించింది, సన్నగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు.

"నీళ్లు కావాలా."

చప్పుడు చేయకుండా తలుపు సందులోంచి చూశాను. బకెట్ ముందు గొంతుక్కూర్చుని బకెట్‌తో అంటోంది. "నీళ్లు కావాలా." అని, మగ్గు ముంచి తాగింది. మళ్లీ అంది. మళ్లీ తాగింది. మాట పోలేదు. నాకు దొరక్కుండా దాచుకుంది. ఎన్ని రోజుల నుంచో ఇక్కడికొచ్చి, మొహం తిప్పుకోని బకెట్‌ని అడిగి, ఔనని చెప్పుకుని, తాగుతోంది.

నేను గడప మీద కూలబడ్డాను. గాజులు తలుపుకి తగిలాయి. లోపల అంతా ఆగిపోయింది. నేను లేవలేదు, పిలవలేదు, లెక్కపెట్టలేదు. వాన్లో తడిసిన కోడిలా ఒదిగి అక్కడే కూర్చున్నాను. వంటింట్లో అత్తగారు ఏదో వేయిస్తున్న చప్పుడు. చాలాసేపటికి లోపల మగ్గు కదిలింది.

"నీళ్లు కావాలా." ఈసారి తలుపు దగ్గరగా.

అవునంటే దానికి తెలియదు. మా ఇద్దరి మధ్యా అవును అనే మాట ఎప్పుడూ లేదు.

"నీళ్లు కావాలా" అన్నాను.

తలుపు జానెడు తెరుచుకుంది. చిన్న చెయ్యి, అందులో మగ్గు. సగం ఒలికి నా చీర తడిసింది. మగ్గు అంచుకి ఎవరిదో వెంట్రుక అంటుకుని ఉంది. నీళ్ల మీద సబ్బు తెట్టు, అడుగున కొంచెం బొగ్గు మసి. రజిని నా మొహంలోకే చూస్తోంది, తిప్పుకుంటానేమోనని.

రెండు చేతులతో పట్టుకుని అడుగుదాకా తాగాను.